గోడ దాటించిన పుంజు

ఈ రోజు పొద్దున పక్క క్వార్టర్ అవ్వ నా ముందు నిలబడి కళ్లు తుడుచుకుంటుంటే నేను లోలోపల సంతోషపడ్డాను. ఆ మాట ముందే రాసేస్తున్నాను. తర్వాత రాద్దామని వదిలేస్తే దాన్ని ఎక్కడో ఒక చోట మెత్తగా చేసి చెబుతాను. నా సంగతి నాకు తెలుసు.

రాత్రి షిఫ్టు దిగి ఇంటికి వచ్చేసరికి ఏడున్నర దాటింది. స్నానం చేసి పెరట్లో కోళ్లకు నూకలు చల్లుతున్నాను. మా పెరటికీ అవ్వ పెరటికీ మధ్య భుజం ఎత్తు గోడ ఒక్కటే అడ్డం. ఆమె ఎప్పుడూ ఆ గోడ మీదుగానే మాట్లాడుతుంది. ఈ రోజు మాత్రం చుట్టూ తిరిగి మా వాకిట్లోంచి వచ్చింది. చేతిలో స్టీలు గిన్నె, దాని మీద చీర కొంగు. కొంగు తీస్తే లోపల ఐదు గుడ్లు. పెసలు నానబెట్టిన నీళ్ల రంగులో, లేత ఆకుపచ్చగా ఉన్నాయి.

"సూడు బిడ్డా," అంది. "నా కోళ్లకు ఎవరో ఏదో చేసిన్రు."

కొత్తగా గుడ్లకొచ్చిన పెట్టలు ఆమెకు ఐదున్నాయి. పాత పెట్టలు ఈ మధ్య గుడ్లు మానేశాయి. పది రోజులుగా గూట్లో ఈ రంగు గుడ్లు కనబడుతున్నాయట. మొదట వచ్చినవాటిని ఎవరికీ చెప్పకుండా తీసుకెళ్లి మూడు బాటలు కలిసే చోట పడేసిందట. ఏ పెట్ట ఇలాంటి గుడ్డు పెడుతోందో తేల్చుకుందామని రెండు రోజుల నుంచి ఒక్కోదాన్ని ఒక్కో గంప కింద మూసి చూసిందట. చెబుతూ చెబుతూ కళ్లు తుడుచుకుంది.

నేను అడిగిన మొదటి మాట ఇది. "ఐదు పెట్టలూ ఇట్లనే పెట్టినయా అవ్వా? ఒక్కటన్న మామూలు గుడ్డు పెట్టలేదా?"

"ఒక్కటి గూడ లేదు బిడ్డా."

నాకు సంతోషం కలిగింది అప్పుడే. ఆమె నా ప్రశ్నను జాలి అనుకుంది.

ఆమె కోడలికి ఎనిమిదో నెల. కాన్పు అయ్యాక బాలింతకు పెట్టడానికి నాటు గుడ్లు, నాటు కోడి ఇంట్లోనే ఉండాలని ఆ ఐదింటినీ పిల్లలప్పటి నుంచి కాకికీ పిల్లికీ దక్కకుండా పెంచుకుంది. కోడలి కోసం పెంచిన కోళ్లు పచ్చ గుడ్లు పెడితే ఆమెకు ఏం తోస్తుంది? ఎవరో చేసింది కోళ్లకు కాదు, కడుపులో ఉన్న పిల్లకు అని తోచింది.

"నువ్వు సదువుకున్నోనివి. కడుపుల పిల్లకు ఏమన్న అయితదా, చెప్పు," అంది.

ఆ గుడ్లు ఎందుకు పచ్చగా ఉన్నాయో ఈ కాలనీ మొత్తంలో తెలిసినవాణ్ని నేను. చేసిందే నేను కాబట్టి. ఒక్క మాట చెబితే ఆమె భయం అక్కడికక్కడే పోయేది. "నాకేం తెల్వది అవ్వా," అన్నాను.

సాయంత్రం ఆ ఐదు పెట్టల్నీ పోచమ్మ గుడి దగ్గరికి తీసుకెళ్లి కోయించేస్తానంది. అప్పుడు ఇంకో మాట కూడా అన్నాను. కోసే బదులు నాకివ్వు, దూరంగా ఎవరికన్నా ఇచ్చేస్తాను అన్నాను. ఆ ఐదు పెట్టలు నాకు కావాలి, అందుకని. ఆమె నా ముఖం వంక చూసి తల అడ్డంగా ఊపింది. "నా ఇంటి పీడను నీ ఇంటికి పంపుదునా బిడ్డా? వద్దు," అంది. కొంగు మళ్లీ గిన్నె మీద కప్పుకుని వెళ్లిపోయింది.

నాకు యాభై ఆరేళ్లు. బొగ్గు బాయిలో సర్దారుగా పనిచేస్తాను. షిఫ్టు మొదలయ్యే ముందు అందరికంటే ముందుగా లోపలికి వెళ్లి, కర్రతో పైకప్పు తట్టి, చప్పుడును బట్టి ఎక్కడ గట్టిగా ఉందో ఎక్కడ ఊడిపడేలా ఉందో చెప్పాలి. ప్రమాదం కనబడితే అక్కడికక్కడే చెప్పి, పుస్తకంలో రాసి సంతకం పెట్టాలి. ముప్ఫై ఏళ్లుగా చేస్తున్న పని అది. నా కింద పనిచేసినవాళ్లలో అవ్వ భర్త ఒకడు. ఊపిరితిత్తులు చెడి అన్‌ఫిట్ అయితే ఆయన ఉద్యోగం కొడుక్కి వచ్చింది. ఆ తర్వాత రెండేళ్లకే ఆయన పోయాడు. ఆయనకు నేను ఎన్నోసార్లు ఇది చెయ్యి అది చెయ్యి అని చెప్పాను గానీ చేస్తావా అని ఎప్పుడూ అడగలేదు. ఈ ఉద్యోగంలో అడగడం మర్చిపోతాం. ఇంటికి వచ్చాక కూడా గుర్తు రాదు.

కోళ్ల పిచ్చి నాలుగేళ్ల కింద పట్టింది. కాలు విరిగి ఆరు వారాలు మంచంలో ఉన్నాను. పడుకుని ఫోను చూస్తుంటే ఒక గుడ్ల ట్రే బొమ్మ కనబడింది. ఒక్కో గుడ్డు ఒక్కో రంగు. లేత నీలం, ముదురు ఆకుపచ్చ, ఇటుక రంగు, మీగడ రంగు. రంగు వేశారనుకున్నాను. కాదట, కోళ్లే అలా పెడతాయట. మా ఇంట్లో ఏ గుడ్డ ఆరేసినా సాయంత్రానికి ఓపెన్‌కాస్టు గని దుమ్ము పట్టి బూడిద రంగుకి వస్తుంది. అందుకే ఆ ట్రే నచ్చిందని ఒకరికి చెప్పుకున్నాను కూడా. అంత పెద్ద కారణం ఏమీ లేదు. మంచంలో పడున్నవాడికి ఏదో ఒకటి కావాలి, అది దొరికింది.

కోళ్లు పెంచేవాళ్ల ఫోన్ గ్రూపులో చేరాను. కాలు బాగయ్యాక పెరట్లో గూడు కట్టాను. బాయిలో అరిగి పారేసిన కన్వేయర్ బెల్టు ముక్క పైకప్పుగా, చుట్టూ ఇనుప జాలీ. ఎక్కడో దూరపు ఊరి నుంచి నీలం గుడ్లు పెట్టే జాతివని పన్నెండు గుడ్లు బస్సు పార్శిల్లో తెప్పించాను. మా నాటు పెట్ట కింద పొదిగేశాను. రోజూ మధ్యాహ్నం బ్లాస్టింగుకి కిటికీలు అదురుతాయి. ఉరుముకి గుడ్లు చెడకుండా పెద్దవాళ్లు గంపలో ఇనుప ముక్క పెట్టేవాళ్లు. నేనూ ఒక పాత బోల్టు పెట్టాను. పన్నెండులో మూడే పిల్లలయ్యాయి. రెండు పెట్టలు, ఒక పుంజు. పెట్టలు పెద్దవై నిజంగానే నీలం గుడ్లు పెట్టాయి. మొదటి గుడ్డును నేనూ నా భార్యా అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాం.

ఆ గుడ్లను ఎవరికీ చూపించలేదు. బియ్యం డ్రమ్ములో దాచాను. అన్ని రంగులూ వచ్చి ట్రే నిండాక ఒక్కసారే అందరికీ చూపిద్దామనుకున్నాను అని నా భార్యతో చెప్పాను. అసలు సంగతి అది కాదు, దిష్టి తగులుతుందని భయం. చదువుకున్నవాణ్నే. అవ్వ భయాన్ని తక్కువగా చూసే అర్హత నాకు లేదని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఇక పుంజు సంగతి. పుంజు గుడ్డు పెట్టదు కాబట్టి దాని రక్తంలో రంగు ఎంత ఉందో చూసి చెప్పలేం. దాన్ని మామూలు గుడ్లు పెట్టే పెట్టలతో కలపాలి. పుట్టిన పిల్లల్లో ఆడవి పెద్దవై గుడ్డు పెట్టేదాకా ఆగాలి. అన్నీ రంగు గుడ్లే పెడితే పుంజు నిఖార్సైనది. కొన్ని మామూలు గుడ్లు పెడితే సగం సగమే. గ్రూపులో అందరూ అదే మాట, ముందు పుంజును పరీక్ష చేసుకో అని. నా దగ్గర ఉన్న నాటు పెట్టలు రెండూ ముసలివి, నెలకు నాలుగు గుడ్లు పెడితే గొప్ప. ఇంకో నాలుగు కొని పెట్టడానికి పెరట్లో చోటు లేదు.

గోడకు అవతల అవ్వ పెట్టలు నాలుగు ఉన్నాయి. వాళ్ల ఊరు ఓపెన్‌కాస్టు కిందికి పోయినప్పుడు గంపలో పెట్టుకుని తెచ్చుకున్న కోళ్ల సంతతి. "మా ఊరి కోళ్లు" అని చెప్పుకుంటుంది. వాటికి ఆ మధ్య పుంజు లేదు. బోనాలకు మొక్కు ఉంటే ఉన్న ఒక్క పుంజునూ కోసేసింది. అంటే నా పుంజుకి పోటీ లేదు, పుట్టే పిల్లలన్నీ దానివే అవుతాయి. పరీక్షకు ఇంతకంటే మంచి అవకాశం రాదనుకున్నాను.

అవ్వను అడగలేదు. మధ్యాహ్నాలు ఆమె ఎదురు లైనులో మిషను కుట్టే ఆవిడ అరుగు మీద కూర్చుని, జాకెట్లకు హుక్కులు కుట్టిపెడుతూ కబుర్లు చెప్పేది. ఇద్దరికీ వయసులో ముప్ఫై ఏళ్ల తేడా ఉన్నా, ఆ స్నేహం మా కాలనీలో అందరికీ తెలుసు. అవ్వ అటు వెళ్లడం చూసి నేను పుంజును చంకలో పెట్టుకుని గోడ మీది నుంచి అవతలికి దించేవాణ్ని. గంట తర్వాత పల్లీలు చూపించి వెనక్కి పిలుచుకునేవాణ్ని. దాదాపు ఇరవై రోజులు అలా చేశాను. ఒకరోజు నా భార్య చూసింది. "అడిగి చేస్తే ఏంబోతది?" అంది. "అడిగితే ఏమంటదో," అన్నాను. ఏమీ అనదని నాకు తెలుసు.

అవ్వ పదకొండు గుడ్లు పొదిగేస్తే తొమ్మిది పిల్లలయ్యాయి. గోడ మీదుగా నాకు చెప్పి మురిసిపోయింది. పోయే ముందు మా పుంజు పుణ్యం చేసి పోయింది అంది. అవునవ్వా, పుంజు పోయినా కొన్నాళ్లు దాని బలం పెట్టలో ఉంటది అన్నాను. ఆ మాట అబద్ధం కాదు. అబద్ధం కోసం వాడుకున్న నిజం. ఆ పూట నుంచే నెలలు లెక్కపెట్టుకున్నాను, ఆ పిల్లలు ఎప్పుడు గుడ్లకొస్తాయా అని.

ఈ రోజు పొద్దున గిన్నెలో ఐదూ పచ్చగా కనబడగానే నా లెక్క తేలిపోయింది. పుంజు నిఖార్సైనది. అందుకే ఆ సంతోషం.

అవ్వ వెళ్లిపోయాక ఫ్యాను కింద పడుకున్నాను. నిద్ర పట్టలేదు. పదింటికి నల్లాలో నీళ్లు వచ్చాయి. మా లైనుకీ ఎదురు లైనుకీ నల్లా ఒక్కటే, మా కిటికీకి ఎదురుగా. బిందెల చప్పుడు మధ్య గుసగుసలు వినబడ్డాయి. అవ్వ పడేసిన గుడ్లను ఎవరో చూశారు. అవ్వ పెరట్లోకి రోజూ వచ్చేదెవరు, కరివేపాకు కోసుకునేదెవరు అని ఒకరు అడిగారు. ఇంకొకరు పేరు చెప్పకుండానే అటువైపు చూపించి ఉంటారు. మిషను కుట్టే ఆవిడకు పెళ్లయి తొమ్మిదేళ్లు. రెండుసార్లు కడుపు నిలవలేదు. ఆమె బిందె పట్టుకుని వచ్చేసరికి మాటలు ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో అవ్వ గొంతు వినబడింది.

"నా ఇంట్ల మెతుకు తిన్నవు. నా కోడలి కడుపు మీద నీ కండ్లెందుకు పడ్డయే?"

మిషను కుట్టే ఆవిడ, చాలా నెమ్మదిగా, "నిన్ననే గదా అవ్వా నీ కోడలి జాకెట్ కుట్లు ఇప్పి లూజు చేసిచ్చిన," అంది. అంతే. నిండీ నిండని బిందె ఎత్తుకుని వెళ్లిపోయినట్టుంది, కాసేపటికి తలుపు వేసుకున్న చప్పుడు వచ్చింది.

నేను లేవలేదు. దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాను. రాత్రంతా పనిచేసి వచ్చాను, ఒళ్లు తేలిపోతోంది, ఇప్పుడు వెళ్లి చెబితే సరిగ్గా చెప్పలేను, సాయంత్రం చెబుదాం అనుకున్నాను. ఒళ్లు అలిసిన మాట నిజమే. కానీ లేవకపోవడానికి కారణం అది కాదు.

నా భార్య బిందెలు దించి గుమ్మంలో నిలబడింది.

"విన్నవా?"

నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను.

"నువ్వు చెప్తవా, నన్ను చెప్పుమంటవా?"

కాస్త కునుకు తీసి చెబుతాను అన్నాను.

"నువ్వు లేచేసరికి ఆ కోళ్లుండయి. ఆ కుట్టే పిల్లకు ఈ లైన్ల మొఖం ఉండది," అని లోపలికి వెళ్లిపోయింది. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే జవాబు చెప్పేవాణ్నేమో.

నేను లేచి, బియ్యం డ్రమ్ములోంచి ఆరు నీలం గుడ్లు తీసి తువ్వాలులో మూటకట్టి అవ్వ పెరట్లోకి వెళ్లాను. అప్పటికే ఆమె ఐదు పెట్టల కాళ్లూ కట్టేసి నీడకు పడుకోబెట్టింది. వాటి తలల మీద పసుపు పెట్టింది. కోడలు గుమ్మంలో పీట మీద కూర్చుని ఉంది, ముఖం వాడిపోయి. పొద్దుటి నుంచి ఏమీ తిననివ్వలేదని తర్వాత తెలిసింది. నేను నిలబడే చెప్పాను. ఇది ఎవరూ చేసింది కాదవ్వా, నా పుంజు జాతే అలాంటిది, నేనే నీకు తెలియకుండా నీ పెట్టలతో కలిపాను అన్నాను.

ఆమె నమ్మలేదు. "దాన్ని కాపాడుతందుకు చెప్తున్నవు. నీది మంచి మనసు బిడ్డా," అంది.

ఆ మాట విన్నాక మూట విప్పి గుడ్లు చూపించాను. ఒక నీలం గుడ్డు, తన గిన్నెలోని ఒక పచ్చ గుడ్డు పక్కపక్కన పెట్టుకుని చూసింది. అయినా నమ్మలేదు. నా భార్య మా వైపు నుంచి పుంజును తెచ్చి గోడ మీద పెట్టింది. అది ఒక్క క్షణం కూడా ఆగకుండా అవతలికి దూకి, పెరటి మూలలో అవ్వ పాత పెట్టలు మట్టి స్నానం చేసే గుంట దగ్గరికి సూటిగా వెళ్లి, రెక్క వాల్చి తిరగడం మొదలుపెట్టింది. అత్తారింటికి వచ్చిన అల్లుడిలా.

అవ్వ దాన్నే చూస్తూ ఉండిపోయింది. "దీనికి మా పెరడు ఎరికే," అంది. ఆ తర్వాత నావైపు తిరిగింది. "ఏంది సర్దారు, మా కోళ్లకు మాకు చెప్పకుంట పెండ్లి చేసినవా?"

కోడలు ఫక్కున నవ్వి, అత్త ముఖం చూసి నోరు మూసుకుంది. అవ్వ నవ్వలేదు. ఇంతకుముందెప్పుడూ ఆమె నన్ను సర్దారు అనలేదు, బిడ్డా అనేది.

"అడిగితే వద్దంటుంటినా? పిల్లలల్ల సగం పాలు అడుగుతుంటి. అందరడిగేదే గదా. గా మాత్రానికి దొంగ లెక్క గోడ దాటిస్తవా?"

నిజమే. ఇక్కడ ఎవరి పెట్టను ఎవరు పెంచినా, ఎవరి పుంజును ఎవరు వాడుకున్నా, పిల్లల్లో సగం పాలు, అంటే సగం వాటా, పంచుకుంటారు. ఆ తొమ్మిది పిల్లల్ని చెరి సగం పంచుకుంటే సరిపోయేది.

ఆమె ఒక పచ్చ గుడ్డు తీసుకుని గిన్నె అంచుకి కొట్టి పగలగొట్టింది. సొన మామూలుగా పసుపు రంగులోనే ఉంది. వేలితో కదిపింది, వాసన చూసింది, కోడలికి చూపించింది. పెట్టల కాళ్లకు కట్టిన తాళ్లు విప్పడానికి కూర్చుంది. మూడో పెట్ట దగ్గర చేతులు ఆగిపోయాయి.

"కోళ్లు దక్కినయి. మరి ఆ పిల్లను నేనన్న మాటను ఎవడు వాపస్ తెస్తడు?"

నేను వెళ్లి చెబుతాను అన్నాను. పద, నేనూ వస్తానంటుందేమో అనుకున్నాను. ఆమె లేవలేదు. "నువ్వు ముందు పో. నా మొఖం చూస్తే తలుపు తియ్యది," అంది. వెళ్లబోతుంటే, ఏ పచ్చ గుడ్డునూ కోడలికి మాత్రం పెట్టనని, బిడ్డ బయటికొచ్చి ఏడ్చాక అప్పుడు చూద్దామని కూడా చెప్పింది. నచ్చజెప్పాలని నోటిదాకా వచ్చింది. ఈ రోజు నచ్చజెప్పే వంతు నాది కాదని ఊరుకున్నాను. ఇంటికి వెళ్లి నా రెండు ముసలి నాటు పెట్టల్ని తెచ్చి ఆమె పెరట్లో వదిలాను. అవి పెట్టే నాలుగైనా తెల్ల గుడ్లు. ఆమె వద్దనలేదు, తీసుకుంటాననీ అనలేదు.

ఎదురు లైనులో తలుపు మూసే ఉంది. లోపల మిషను నడుస్తున్న చప్పుడు. రెండుసార్లు తట్టాక ఆగింది. ఆమె తలుపు సగమే తీసి, రెక్క పట్టుకుని నిలబడింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. మెడలో టేపు వేలాడుతోంది. నేను మొత్తం చెప్పాను. పుంజు సంగతి, గుడ్ల సంగతి. మధ్యలో ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగు జరిగి కిటికీ రెక్కలు అదిరాయి. ఇద్దరం ఆ చప్పుడు ఆగేదాకా ఊరుకున్నాం, అలవాటు కదా. మళ్లీ చెప్పడం మొదలుపెట్టబోతే ఆమె అడిగింది.

"నల్లా కాడ నన్ను గట్లన్నప్పుడు నువ్వు యాడున్నవన్నా?"

"ఇంట్లనే ఉన్న చెల్లె."

"విన్నవా?"

"విన్న."

ఆమె టేపు కొసను వేలికి చుట్టుకుంది. నన్ను తిట్టి ఉంటే తలవంచుకుని పడేవాణ్ని. దానికి సిద్ధపడే వచ్చాను.

"నేను చెయ్యలేదని నాకెరికే గదన్నా," అంది. "నాకు చెప్పుడెందుకు? ఎరుక లేనోళ్లకు చెప్పు."

తలుపు వేసుకుంది. మిషను మళ్లీ మొదలైంది.

రెండు లైన్లలో కలిపి పద్నాలుగు ఇళ్లు ఆ నల్లా వాడతాయి. మా ఇల్లు, అవ్వ ఇల్లు, ఆమె ఇల్లు తీసేస్తే పదకొండు. మొదటి ఇంటి నుంచి మొదలుపెట్టాను. అప్పటికి నేను నిద్రపోయి ఒక పగలూ ఒక రాత్రీ దాటింది. మొదటి ఇంట్లో రెండో షిఫ్టుకి ఆలస్యమై హడావుడిగా టిఫిన్ డబ్బా సర్దుకుంటున్న మనిషి విని పడీ పడీ నవ్వాడు. నీలం గుడ్డు ఒకసారి చూపించమన్నాడు. మూడో ఇంట్లో ఆవిడ, అందరికంటే ముందు కరివేపాకు మాట ఎత్తింది ఈమే అని నా భార్య చెప్పింది, "నేనేమన్లే కాకా, అన్నది అవ్వనే," అంది. అవ్వ అన్నా, ఎవరన్నా, అనిపించింది నేనే అని చెప్పి వచ్చాను. నాలుగో ఇంటి డ్రైవరు పొదిగేయడానికి గుడ్లు కావాలన్నాడు. ఇస్తానన్నాను. ఇంకా రెండు మాటలు కోళ్ల గురించే మాట్లాడాను కూడా.

ఐదో ఇంట్లోంచి బయటికి వచ్చాక గమనించాను. చెప్పిన ప్రతి ఇంటికీ నా కథ కాస్త బాగుపడుతోంది. మొదట దొంగతనంగా దాటించాను అని చెప్పినవాణ్ని, నాలుగో ఇంటికి వచ్చేసరికి పుంజే దాటింది అన్నట్టు చెప్పాను. ఐదో ఇంట్లో, నల్లా దగ్గరి మాటలు విని కూడా దుప్పటి కప్పుకున్న సంగతి వదిలేశాను. కావాలని కాదు. నోరే దాన్ని తప్పించుకుని పోయింది. వెనక్కి తిరిగి నాలుగో ఇంటికి, ఐదో ఇంటికి మళ్లీ వెళ్లాను. డ్రైవరు ఏదో మర్చిపోయి వచ్చానేమో అనుకున్నాడు. మర్చిపోయిన మాట చెప్పాను. ఈసారి అతను నవ్వలేదు, గుడ్ల ప్రస్తావనా తేలేదు. "గట్ల చెయ్యకుండె కాకా," అన్నాడు. అవును, చేయకుండా ఉండాల్సింది.

తొమ్మిదో ఇంటి దగ్గర నుంచి చూస్తే ఎదురు లైనులో అవ్వ కనబడింది. మిషను కుట్టే ఆవిడ అరుగు మీద, తలుపుకి వీపు ఆనించి ఒక్కతే కూర్చుని ఉంది. తలుపు తీసి లేదు. మిషను చప్పుడు ఆగినట్టూ లేదు. ఎంతసేపటి నుంచి కూర్చుందో, ఆ తర్వాత తలుపు తెరుచుకుందో లేదో నాకు తెలియదు. ఆ వైపు చూస్తూ నిలబడే హక్కు నాకు లేదనిపించి పక్కింటి తలుపు తట్టాను.

పదకొండో ఇంటికి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. ఆ ఇంట్లో ఉండేది కొత్తగా వచ్చిన జంట. భార్య చేతిలో చీపురు పట్టుకుని తలుపు తీసింది. నన్ను చూడగానే, "ఎరికే కాకా, మొత్తం ఇన్న, పుంజు సంగతే గదా," అంది. లోపలికి రమ్మని కుర్చీ చూపించింది.

నేను కూర్చోలేదు. తెలిసినా ఒక్కసారి నా నోటితో విను బిడ్డా అని, మధ్యాహ్నం పూట అవ్వ ఎదురు లైనుకి వెళ్లేదాకా చూసి పుంజును చంకలో పెట్టుకున్న దగ్గర నుంచి, దుప్పటి ముఖం మీదికి లాక్కున్న దాకా, ఏదీ వదలకుండా మొదటి నుంచి చెప్పాను.